చల్లని పెట్టె చరిత్ర: కొనేముందు, చెడినప్పుడు

వేసవి దగ్గరపడిందంటే ఇళ్ళల్లో ఒక ప్రశ్న తప్పకుండా లేస్తుంది. "కొత్త ఫ్రిజ్జు కొందామా, వున్నదాన్నే బాగుచేయిద్దామా? కొంటే ఏ కంపెనీది కొందాం?" అని. దీనికి తలా ఒక జవాబు చెబుతారు. ఆడపడుచు ఇంట్లో పదిహేనేళ్ళుగా కిక్కురుమనకుండా నడుస్తున్న రకమే పక్కింటివాళ్ళకు రెండో ఏటికే మూలపడి వుంటుంది. అందుచేత ఒక్క పేరు పట్టుకుని వేళ్ళాడితే లాభం లేదు.

నా మనవి ఏమిటంటే, ఈ పెట్టెలో కనిపించే ప్రతి భాగమూ ఒకప్పటి ఏదో ఒక కష్టానికి ఎవరో వెతికిన జవాబు. తలుపు అంచున రబ్బరు ఎందుకొచ్చింది, కంప్రెసరును కుండలా మూసి ఎందుకు పెట్టారు, లోపలి గ్యాసు ఎన్నిసార్లు మారింది అన్న కథ తెలిస్తే షాపువాణ్ణి ఏమడగాలో, మెకానిక్కు చెప్పేదాన్లో ఎంత నమ్మాలో మనకే తెలుస్తుంది. కాబట్టి కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం.

మన దేశంలో చల్లదనం ఒకప్పుడు పాదుషాల భోగం. అక్బరు కొలువులో సురేకారం కలిపిన నీళ్ళలో కూజాను తిప్పి తాగే నీళ్ళు చల్లబరిచేవారనీ, 1586 నుంచి పాదుషా పంజాబులో వున్న కాలంలో కొండల మీంచి మంచు తెప్పించేవారనీ అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో రాశాడు. అలహాబాదు ప్రాంతంలో చలికాలపు రాత్రుళ్ళు నిస్సారమైన మట్టి మూకుళ్ళలో నీళ్ళుపోసి, గోతుల్లో గడ్డి పరిచి దానిమీద పెడితే తెల్లవారేసరికి పలచగా మంచు కట్టేది. 1775లో రాబర్ట్ బార్కరు అనే ఇంగ్లీషాయన ఈ పద్ధతిని వివరంగా రాసిపెట్టాడు.

తర్వాత జరిగింది ఇంకా వింత. అమెరికాలో ఫ్రెడరిక్ ట్యూడరు అనే వర్తకుడు చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోయించి ఓడలకెత్తి దేశదేశాలకు అమ్మేవాడు. 1833 మే నెలలో బోస్టన్ రేవు నుంచి ‘టస్కనీ’ అనే ఓడ 180 టన్నుల ఐసుతో బయల్దేరింది. నాలుగు నెలల ప్రయాణం, భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి. సెప్టెంబరులో కలకత్తా చేరేసరికి ఇంకా 100 టన్నుల ఐసు మిగిలి వుందంటే నమ్మగలమా? మద్రాసు సముద్రపు ఒడ్డున 1842 ప్రాంతంలో ఐసు నిలవకని ఒక గుండ్రటి కట్టడం కట్టారు. ఐస్ హౌస్ అని ఆ పేట పేరు ఈనాటికీ నిలిచింది. 1897లో వివేకానందస్వామి విదేశాల నుంచి తిరిగివచ్చి బసచేసింది ఆ భవనంలోనే. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధాని కిందే వుండేవి గనుక ఇది మన చరిత్ర కూడాను.

ట్యూడరు చేతిలో యంత్రమేమీ లేదు. ఆయనకు తెలిసిన విద్యల్లా ఐసు చుట్టూ రంపపుపొట్టు, గడ్డి దట్టంగా కూరి బయటి వేడిగాలి సోకకుండా కాపాడటం. మన ఫ్రిజ్జు గోడల్లోని నురగలాంటి పదార్థం చేసే పనీ, తలుపు చుట్టూ వుండే రబ్బరు చేసే పనీ అదే. నేను చెప్పే మొదటి పరీక్ష ఈ రబ్బరుదే. ఒక కాగితం ముక్కను తలుపుకీ పెట్టెకీ మధ్య పెట్టి తలుపు మూసి మెల్లగా లాగండి. బిగువుగా వస్తే రబ్బరు బాగున్నట్టు. జారిపోయి వచ్చేస్తే అక్కడ సందు వున్నట్టు. నాలుగు పక్కలా చూడాలి. ఫ్రీజరులో మాటిమాటికీ మంచు గుట్టలు పడుతున్నా, మోటారు ఆగకుండా తిరుగుతున్నా సగం కేసుల్లో కంప్రెసరును అనుమానిస్తాం గానీ తప్పు ఈ రబ్బరుదై వుంటుంది. ముందు సబ్బు నీళ్ళలో ముంచిన గుడ్డతో మడతల్లోని జిడ్డు తుడవండి. అప్పటికీ అతకకపోతే రబ్బరు మార్పించండి. పెట్టె మార్చనక్కర్లేదు.

ఇహ యంత్రం సంగతి. తడిగుడ్డ చుట్టిన కుండలో నీళ్ళెందుకు చల్లబడతాయి? గుడ్డలోని తడి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది గనుక. ఫ్రిజ్జులో జరిగేదీ ఇదే. కాకపోతే ఆవిరైన ద్రవాన్ని గాలిలో కలవనివ్వకుండా పట్టి, నొక్కి, మళ్ళీ ద్రవంగా మార్చి తిరిగి వాడుకుంటారు. నొక్కే పని కంప్రెసరుది. ఈ చక్రానికి 1834లో లండన్‌లో జేకబ్ పెర్కిన్స్ పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో ఫ్లోరిడాలోని ఒక రేవు పట్నంలో జాన్ గోరీ అనే వైద్యుడు జ్వరంతో కాగిపోతున్న రోగుల గదులు చల్లబరచాలని తాపత్రయపడి ఐసు యంత్రం తయారుచేసి 1851లో పేటెంటు పొందాడు. పెట్టుబడి పెట్టేవాడు దొరక్క 1855లో ఆ వైద్యుడు కన్నుమూశాడు. 1870ల్లో జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే చేసిన యంత్రాలు ముందు సారా బట్టీల్లాంటి పెద్ద కర్మాగారాలకు వెళ్ళాయి. ఇళ్ళకు రావడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది.

ఈ కథలో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. ఫ్రిజ్జు చల్లదనాన్ని పుట్టించదు, లోపలి వేడిని తెచ్చి బయట పారబోస్తుంది. పారబోసే చోటు వెనకవైపు నల్లని గొట్టాలు. వాటిమీద దుమ్ము పేరుకున్నా, పెట్టెను గోడకు ఆనించినా, పొయ్యి పక్కన నిలబెట్టినా వేడి పోవడానికి దారి వుండదు. గోడకు జానెడు దూరం వుంచి, ఆరు నెలలకోసారి ప్లగ్గు తీసేసి మెత్తని చీపురుతో ఆ గొట్టాలు దులపండి. కొత్త రకాల్లో గొట్టాలు పక్కగోడల లోపలే వుంటాయి. ఆ గోడలు వెచ్చగా తగిలితే జబ్బు కాదు, అది దాని పని.

1910ల్లో అమెరికాలో ఇంటి ఫ్రిజ్జులు మొదలయ్యాయి. వాటిలో వాడిన సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు లాంటివి విష వాయువులు. బెల్టుతో తిరిగే కంప్రెసరు అతుకుల్లోంచి అవి కారేవి. 1929లో షికాగోలో ఇలా కారిన గ్యాసు పీల్చి ఇళ్ళల్లో నిద్రపోతున్నవాళ్ళు పలువురు చనిపోయారు. బెర్లిన్‌లో ఒక కుటుంబం కుటుంబమే ఇలా పోయిందని పత్రికలో చదివి ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కలతపడ్డాడట. ఆయన, లియో జిలార్డు కలిసి కదిలే భాగాలే లేని ఫ్రిజ్జు ఒకటి కనిపెట్టి 1930లో అమెరికా పేటెంటు తీసుకున్నారు. అది బజారుకు రాలేదు. మన వంటింటి పెట్టె కోసం అంతటి శాస్త్రజ్ఞుడు తలబద్దలు కొట్టుకున్నాడన్న సంగతి చాలామందికి తెలియదు.

బజారులో నిలిచింది ఇంకో ఉపాయం. 1927లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ మోటారును, కంప్రెసరును ఉక్కు కుండలో పెట్టి అతుకు లేకుండా మూసేసిన ఫ్రిజ్జును అమ్మకానికి పెట్టింది. ఈనాడు మన ఫ్రిజ్జు అడుగున నల్లగా కుండలా కనిపించేది దాని సంతానమే. దీన్ని గుర్తుపెట్టుకుంటే ఒక మోసం నుంచి బయటపడతాం. "గ్యాసు అయిపోయిందమ్మా, నింపాలి" అని మెకానిక్కులు తరచూ అంటుంటారు. మూసివున్న గొట్టాల్లో గ్యాసు వంటగ్యాసులా ఖర్చయిపోదు. తగ్గిందంటే ఎక్కడో చిల్లి పడిందన్నమాట. "ఎక్కడ కారుతోందో చూపించి, అది అతికి, ఆ తర్వాత నింపండి" అని నిలబెట్టి అడగండి. చిల్లి వెతక్కుండా నింపితే మూడు నెలలకు మళ్ళీ డబ్బులు కట్టాలి. ఆ చిల్లి తరచూ మన ఇళ్ళల్లోనే పడుతుంది, మంచు పెళ్ళగించడానికి కత్తితో, అట్లకాడతో పొడిచినప్పుడు. ఫ్రీజరు గోడలోని గొట్టం పలచని రేకు. మంచు పావంగుళం మందం కట్టగానే ప్లగ్గు తీసి, సామాను బయటపెట్టి, తలుపు తెరిచి కరగనివ్వండి. తొందరైతే లోపల వేడినీళ్ళ గిన్నె పెట్టండి.

విష వాయువుకు బదులు 1928లో థామస్ మిజ్లీ, ఆయన తోటివారు విషం లేని, మండని కొత్త వాయువు తయారుచేశారు. 1930లో ఆయన సభలో దాన్ని గుండెనిండా పీల్చి, ఊది, కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. ఫ్రియాన్ అన్న పేరుతో అది లోకమంతా పాకింది. నలభై ఏళ్ళ తర్వాత, 1974లో, మోలీనా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు ఈ జాతి వాయువులు పైకి చేరి ఓజోను పొరను తినేస్తాయని హెచ్చరించారు. 1985లో దక్షిణ ధ్రువం మీద ఆ పొర బాగా పలచబడిన సంగతి బయటపడింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో మన దేశమూ చేరింది. ఇప్పటి ఇంటి ఫ్రిజ్జుల్లో చాలావాటిలో ఆర్-600ఎ అనే ఐసోబ్యుటేను వుంటుంది. అది ఓజోనుకు హాని చెయ్యదు, కరెంటు తక్కువ తాగుతుంది, కానీ మండుతుంది. లోపల వుండేది కొద్ది గ్రాములే గనుక వాడకంలో భయం అక్కర్లేదు. బాగుచేసేటప్పుడు మాత్రం ఆ గ్యాసు పని తెలిసినవాడే కావాలి. వెనక చీటీ మీద గ్యాసు పేరు రాసి వుంటుంది. మెకానిక్కును పిలిచేటప్పుడే ఆ పేరు చెప్పండి.

ఇక్కడ ఒక స్త్రీమూర్తిని తలుచుకోవాలి. మేరీ ఎంగిల్ పెనింగ్టన్ 1872లో అమెరికాలో పుట్టింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదువు పూర్తిచేస్తే ఆడపిల్ల గనుక డిగ్రీ ఇవ్వక 1892లో ఒక సర్టిఫికెట్టు చేతిలో పెట్టారు. ఆమె ఊరుకోలేదు, 1895లో డాక్టరేటు సంపాదించింది. ప్రభుత్వోద్యోగపు పరీక్షకు ఎం. ఇ. పెనింగ్టన్ అని పొడి అక్షరాలతో కూర్చుంది. పాలు, గుడ్లు, కోళ్ళు చెడకుండా ఊళ్ళు దాటడానికి ఎంత చల్లదనం కావాలో లెక్కలు తేల్చింది. ఐసు పెట్టెలు వేసిన గూడ్సు రైళ్ళలో తానే ప్రయాణం చేసి పరీక్షించింది. 1920ల్లో గృహిణుల కోసం చిన్న చిన్న పుస్తకాలు రాసింది. ఆమె నేర్పిన అలవాటు ఒకటే: చల్లదనాన్ని చేత్తో తాకి అంచనా వెయ్యకూడదు, కొలవాలి.

మనమూ కొలుద్దాం. ఒక థర్మామీటరు కొని, గ్లాసు నీళ్ళలో వేసి రాత్రంతా ఫ్రిజ్జు మధ్య అరలో వుంచండి. నాలుగు డిగ్రీల దరిదాపుల్లో వుండాలి. ఫ్రీజరు సున్నాకు కింద 18 డిగ్రీలు చూపాలి. ఇది జ్వరం చూసే థర్మామీటరుతో అయ్యే పని కాదు, ఫ్రిజ్జు కోసమే విడిగా దొరుకుతుంది. కొలవకుండా "చల్లగానే వుందిగా" అనుకుంటే పాలు విరిగినప్పుడు పాలవాడిమీద విరుచుకుపడతాం.

18 అన్న అంకె ఎందుకంటే, దానికి మరో కథ వుంది. క్లారెన్స్ బర్డ్సై అనే అమెరికన్ 1910ల్లో లాబ్రడార్ మంచు ప్రాంతంలో వుండగా, అక్కడివాళ్ళు చేపను గాలిలోకి తియ్యగానే గడ్డకట్టుకుపోవడం, నెలల తర్వాత వండినా రుచి చెడకపోవడం గమనించాడు. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద పెద్ద మంచు పలుకులు ఏర్పడి కండను చీలుస్తాయి, కరిగినప్పుడు నీరు కారిపోతుంది. త్వరగా గడ్డకడితే పలుకులు చిన్నవి. ఆయన పద్ధతిలో గడ్డకట్టించిన ఆహారం 1930లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డులో దుకాణాలకు వచ్చింది. దాన్ని తెచ్చి ఇంట్లో దాచుకోవాలన్న అవసరమే ఇంటి ఫ్రీజరును పెంచింది.

కొనేటప్పుడు ఈ కథ అక్కరకొస్తుంది. ఫ్రిజ్జు మీద రెండు రకాల చుక్కలుంటాయి, చాలామంది కలిపేసుకుంటారు. తలుపుమీద పెద్ద చీటీలో వుండేవి కరెంటు పొదుపు చుక్కలు. వాటిని 2006 నుంచి బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారు ఇస్తున్నారు. ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చో కూడా అందులోనే వుంటుంది. లెక్క కాలంతో కఠినమవుతూ వస్తుంది గనుక చీటీమీది సంవత్సరం తప్పక చూడండి. రెండో రకం చుక్కలు ఫ్రీజరువి. ఒక చుక్క అంటే సున్నాకు కింద 6 డిగ్రీలు, రెండంటే 12, మూడంటే 18. నాలుగుంటే కొత్త పదార్థాన్ని కూడా తగినంత మోతాదులో బాగా గడ్డకట్టించగలదని అర్థం. ఐసు ముక్కలకైతే ఒక చుక్క చాలు. కొబ్బరి తురుము, వలిచిన బఠాణీలు, చింతచిగురు నెలల తరబడి దాచాలంటే మూడుకు తగ్గకూడదు. దాచేటప్పుడు పలచని పొట్లాలుగా, బల్లపరుపుగా పెట్టండి. ఒక్కరోజే ఫ్రీజరు నిండా పచ్చి సామాను కుక్కకండి.

కరివేపాకు మొదలు కందిపొడి దాకా ఊరి సరుకు దాచుకునే మన అమెరికా పిల్లలు విడిగా డీప్ ఫ్రీజరే కొంటున్నారు. పైకి మూత తెరిచే పెట్టె రకం, తలుపున్న బీరువా రకం రెండున్నాయి. చల్లగాలి బరువు గనుక పెట్టె మూత తీసినా అది అడుగునే వుంటుంది, కరెంటు పోయినా ఎక్కువసేపు కాస్తుంది. బీరువా రకంలో తలుపు తెరవగానే చల్లగాలి జారిపోతుంది, కానీ సామాను వెతుక్కోవడం తేలిక. కోత ఎక్కువున్న ఊళ్ళో పెట్టె రకమే నయం.

మన దేశంలో కరెంటు లేని ఊళ్ళ ఆసుపత్రుల్లో, బంగళాల్లో ఒకప్పుడు కిరసనాయిలు ఫ్రిజ్జులు నడిచాయి. 1922లో స్వీడన్‌లో ఇద్దరు విద్యార్థులు, ఫాన్ ప్లాటెన్, ముంటర్స్, దీపపు వేడితోనే చల్లదనం వచ్చే ఉపాయం కనిపెట్టిన ఫలం అది. 1958లో గోద్రెజ్ సంస్థ ఇక్కడే ఫ్రిజ్జులు చెయ్యడం మొదలుపెట్టింది. మన హైదరాబాదులో 1942లో పుట్టిన ఆల్విన్ కర్మాగారం బస్సు బాడీలతో, చేతి గడియారాలతో పాటు ఫ్రిజ్జులూ చేసింది. తర్వాత, 1990ల్లో, అది వోల్టాస్ చేతికి వెళ్ళింది. తెలుగు ఇళ్ళల్లో ఆల్విన్ పెట్టెలు చాలాకాలం పనిచేశాయి.

మన దగ్గర యంత్రాన్ని చంపేది ఎక్కువగా కరెంటే. వోల్టేజి పడిపోతే కంప్రెసరు తిరగలేక ‘టక్’మని ఆగి, కాసేపటికి మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఇలా టక్కు టక్కుమంటుంటే ప్లగ్గు తీసెయ్యండి. వోల్టేజి బాగున్నా అలాగే వుంటే రిలే అనే చిన్న సామాను పోయి వుండొచ్చు. అది చవక, కంప్రెసరు ఖరీదు. ముందు రిలే పరీక్షించమని అడగండి. కరెంటు పోయి వచ్చాక గొట్టాల్లో ఒత్తిడి సర్దుకోవడానికి అయిదు నిమిషాలు ఆగి పెట్టడం మంచిది. ఆ పని చేసే స్టెబిలైజర్లున్నాయి. తక్కువ వోల్టేజికి తట్టుకునే కొత్త ఇన్వర్టరు రకాలూ వున్నాయి. రెంటచింతల, రామగుండం ఎండలకు చీటీమీద టి అనే వాతావరణ తరగతి చూసి కొనండి. అది 43 డిగ్రీల గది వేడికి తయారైన యంత్రమని అర్థం.

కోత పెట్టినప్పుడు తలుపు తెరవకండి. అమెరికా వ్యవసాయశాఖ లెక్కన కింది అరలు 4 గంటలు, నిండుగా వున్న ఫ్రీజరు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు కాస్తుంది. మన వేసవిలో ఇంకా తక్కువే అనుకోవాలి. ఊరెళ్ళేటప్పుడు ఒక గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ళ పెట్టండి. వచ్చేసరికి బిళ్ళ అడుగున వుంటే మధ్యలో అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందని తెలుసుకుని పారెయ్యండి. ఇన్సులిన్ మందును ఫ్రీజరులో ఎప్పుడూ పెట్టకూడదు, గడ్డకడితే పనికిరాదు. దాని చోటు కింది అర, 2 నుంచి 8 డిగ్రీల మధ్య.

మరి కొన్ని మామూలు జబ్బులు. కూరగాయల పెట్టె కింద నీళ్ళు నిలిస్తే వెనక నీరు పోయే రంధ్రం మూసుకుందని, గోరువెచ్చని నీళ్ళు పోసి తెరవండి. మంచు పట్టని రకంలో పైన ఫ్రీజరు బాగుండి కింద చల్లగా లేకపోతే లోపలి ఫ్యాను గానీ మంచు కరిగించే హీటరు గానీ ఆగి వుంటుంది. అది మెకానిక్కు పని. పెట్టె ముట్టుకుంటే జిల్లుమని షాకు కొడితే మాత్రం ఇంకేమీ ఆలోచించకండి. మెయిను కట్టేసి, ఆ తర్వాత ప్లగ్గు తీయించండి. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు సరిగా వున్నాయో లేదో ఎలక్ట్రీషియను చూసేదాకా వాడొద్దు. తడిచేత్తో, వట్టికాళ్ళతో ఫ్రిజ్జు తెరిచేది మనమూ, మన పిల్లలూ.

పిల్లల మాట వచ్చింది గనుక ఇదీ చెప్పాలి. పాత ఫ్రిజ్జుల తలుపులకు గడియలుండేవి. అమెరికాలో పారేసిన పెట్టెల్లో పిల్లలు దాగుడుమూతలాడుతూ దూరి, లోపలి నుంచి తెరవలేక ఊపిరాడక చనిపోయారు. అందుకని 1956లో ఒక చట్టం చేసి, లోపలి నుంచి తోస్తే తెరుచుకునే తలుపే వుండాలన్నారు. మన రబ్బరులోని అయస్కాంతం ఆ విధంగా గడియ స్థానంలోకి వచ్చింది. అయినా పాత పెట్టె పెరట్లో పడేస్తే ముందు తలుపు వూడదీయండి.

చెల్లెళ్ళూ, రోజుకు పాతికసార్లు తలుపు తెరిచేది మనం, పాడైన పదార్థం పారబోసేది మనం. కొనేనాడు షాపులో మగవాళ్ళ వెనక నిలబడి రంగు మాత్రం ఎంచి రావడం న్యాయం కాదు. గ్యాసు పేరేమిటి, ఏడాదికి యూనిట్లెన్ని, ఫ్రీజరు చుక్కలెన్ని, వాతావరణ తరగతి ఏది, తలుపు రబ్బరు, రిలే విడిగా దొరుకుతాయా, మన ఊళ్ళో బాగుచేసేవాడెవడు అన్న ఈ ఆరు ప్రశ్నలు చీటీమీద రాసుకుని వెళ్ళండి. ఆరింటికీ సూటిగా జవాబు చెప్పిన షాపులో బేరమాడండి.